పిలవని పేరు

గుహ చూపించి బయటికి తెచ్చాక టూరిస్టులను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలవడం ఇసిద్రోకు అలవాటు. పిలవకపోతే ఆత్మ లోపలే ఉండిపోతుందని ఆ ఇలోకోస్ ప్రాంతంలో పసిపిల్లలకూ తెలుసు. ఆ సాయంత్రం వాన ముంచుకొస్తుంటే వచ్చినవాళ్ళను మాత్రం పిలిచి ఇంటిదారి పట్టాడు. తనతోపాటు గుహలోకి వచ్చి ఇప్పుడు పక్కనే నడుస్తున్న భార్య రుఫీనాను పిలవాలని తోచనే లేదు. ఇక తన పేరు తాను పిలుచుకోవడమన్నది అతనికి ఏనాడూ తోచలేదు.

రాత్రి ఎండుచేప, అన్నం ముందు కూర్చుని ఆమె గోడకేసి చూస్తూ ఉండిపోయింది. వాగుడుకాయ లాంటి మనిషికి ఉలుకూ పలుకూ లేదు. భయంతో ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ గుహ దగ్గరికి లాక్కెళ్ళాడు.

“రుఫీనా! రావే, ఇంటికెళ్దాం. అలిగింది చాల్లే!”

లోపల బొట్టుబొట్టుగా పడుతున్న నీటి చప్పుడు ఆగిపోయింది. చీకట్లోంచి బదులొచ్చింది. అది ఇసిద్రో గొంతే.

“రుఫీనా నా దగ్గరే ఉందిలే. మీరిద్దరూ ఇంటికెళ్ళండి.”