నాలుగో పేరు

"అడగడానికైనా ఒక హద్దుండాలి, ఎక్స్‌రే," అన్నాడు జడ్జి, టీవీ మీంచి చూపు తిప్పకుండా, చేతిలో కంట్రోలర్ వదలకుండా.

ఎక్స్‌రే అంటే ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగి. ఇక జడ్జి కోర్టు మొహం చూసినవాడు కాదు, బీమా ఆఫీసులో గుమాస్తా. మార్కెట్లోకి వచ్చే ప్రతి గేమ్ కన్సోల్ మీదా తీర్పు చెప్పేస్తాడని ఆయనకా పేరు పెట్టారు. అది వేళాకోళమని గ్రహించేంత తెలివి లేక ఆయన దాన్ని బిరుదనుకున్నాడు. లాండ్రీ దుకాణం మీది గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం జడ్జి, పళ్ళ డాక్టరు, డ్రాయింగ్ మాస్టారు చేరతారు. ఆడేది గంట, ఆటల గురించి మాట్లాడేది మూడు గంటలు. ఎక్స్‌రే వాళ్ళలో చేరి ఏడాదైంది. అతనికి ఇంకా కుర్చీ దక్కలేదు, కిటికీ గట్టు మీద కూర్చుంటాడు.

అతను అడిగింది చిన్న విషయమే. కొత్త కన్సోల్ శుక్రవారం వస్తోంది. వాళ్ళు వెళ్ళే దుకాణానికి మొదటి విడతలో ఒక్కటే వస్తుంది, రెండోది రావాలంటే మూడు నెలలు ఆగాలి. జాబితాలో మొదటి పేరు జడ్జిది, తర్వాత డాక్టరు, ఆ తర్వాత మాస్టారు. నాలుగోది ఎక్స్‌రేది. అతని పన్నెండేళ్ళ కూతురు మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. విరిగిన ఎముకని అందరికంటే ముందు చూసింది అతనే, తన మెషిన్ దగ్గరే. ఎనిమిది వారాలు మంచం దిగకూడదన్నారు. ఏడుస్తున్న పిల్లని చూడలేక, శుక్రవారానికల్లా కన్సోల్ తెస్తానని మాటిచ్చేశాడు.

"పిల్ల కోసం సార్. మూడు నెలలంటే అప్పటికి బడికి కూడా వెళ్ళిపోతుంది."

"వెళ్తే మంచిదేగా. చదువుకుంటుంది," అన్నాడు జడ్జి. "అయినా నేను వదిలితే డాక్టరుగారు వదలొద్దూ?"

"నేనెందుకు వదులుతాను?" అన్నాడు డాక్టరు.

"నేనూ అంతే," అన్నాడు మాస్టారు, ఎవరూ అడక్కపోయినా.

"పిల్లలకి బొమ్మలుంటాయి, అవి కొనిపెట్టు. ఇది తెలిసినవాళ్ళ వ్యవహారం," అని జడ్జి మళ్ళీ ఆటలో పడ్డాడు.

ఇలాంటివాళ్ళని బతిమాలినందుకు ఎక్స్‌రేకి తన మీద తనకే అసహ్యం వేసింది. కాసేపు వాళ్ళ ఆట చూస్తూ కూర్చుని, చివరికి మెల్లగా అన్నాడు.

"ఏమాటకామాటే సార్, ఆ కొత్త మెషిన్ మాత్రం చాలా బాగుంది. మాల్‌లో చూడ్డానికి పెట్టారుగా, మా అత్తగారూ నేనూ కలిసి ఆడాం."

జడ్జి ఆట ఆపాడు. "అత్తగారా?"

"పది నిమిషాల్లో నేర్చేసుకున్నారావిడ. అంత సులువు."

"సులువా?" జడ్జి మొహం చిట్లించాడు.

"రంగు కూడా ముద్దొస్తోంది సార్. మా హాల్లో కర్టెన్లకి సరిగ్గా సరిపోతుందంది మా ఆవిడ."

డాక్టరూ మాస్టారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెల రోజులుగా ఆ కన్సోల్ గురించి తెగ మురిసిపోయినవాళ్ళే ఇద్దరూ.

"దాని లోపలి ఫ్యాన్ మోత ఎక్కువని విన్నాను," అన్నాడు డాక్టరు, జడ్జి వైపు చూస్తూ.

"మా అత్తగారికి వినపడలేదండీ."

"నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను," అన్నాడు జడ్జి, మొదట్నుంచీ జాబితాలో ముందున్న సంగతి మర్చిపోయి. "ఆ కంపెనీ పని అయిపోయింది. లోపల సరుకు పాతదే, పైన డొప్ప కొత్తది. కంట్రోలర్ చూశారా? అరిగిపోయిన సబ్బుబిళ్ళలా ఉంది. వాళ్ళ పాత మెషినే మెషిను."

ఆ పాత మెషిన్ వచ్చినప్పుడు దాన్నీ ఇలాగే తిట్టాడని ఎవరూ గుర్తుచేయలేదు.

"మరీ అంత తీసిపారెయ్యకండి సార్. నాకైతే ఇంతకంటే మంచిది ఇక రాదనిపిస్తోంది."

"నీకనిపించిందా? ఇంకేం, తేలిపోయింది. అభిరుచి అని ఒకటుంటుంది నాయనా. అది ఎక్స్‌రేలో కనపడదు."

డాక్టరు పగలబడి నవ్వాడు. మాస్టారు కొంచెం ఆలస్యంగా నవ్వాడు. ఎక్స్‌రే తలొంచుకుని, అయినా పట్టు విడవకుండా, తెర మీద బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో, మెషిన్ ఎంత తేలిగ్గా ఉందో చెప్పుకుంటూ పోయాడు. అతను ఒక్కొక్క గుణమూ చెప్తుంటే జడ్జి ఒక్కొక్క లోపమూ బయటపెట్టాడు. చివరికి విసుగెత్తి ఫోన్ తీసి, అందరూ వినేలా దుకాణానికి చేశాడు.

"నా పేరు కొట్టెయ్యమ్మా. అత్తగార్లకి అమ్ముకోండి."

జడ్జి వద్దన్నదాన్ని ఇంట్లో పెట్టుకుంటే ఈ గదిలో పరువుంటుందా? మరో ఐదు నిమిషాల్లో డాక్టరూ, మాస్టారూ తమ పేర్లు కూడా కొట్టించేశారు.

"నీ సంగతేమిటి?" అన్నాడు జడ్జి.

"నేను తీసుకుంటాను సార్. నాకు నచ్చింది."

"తీసుకో, తీసుకో. నీ స్థాయికి సరిగ్గా సరిపోతుంది."

ముగ్గురూ నవ్వుతూనే ఉన్నారు. ఎక్స్‌రే చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

శుక్రవారం సాయంత్రం కూతురు కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని, డబ్బా విప్పింది. కన్సోల్ బయటికి తీసి రెండు వైపులా తిప్పి చూసింది. అంతలో ఆమెకి అనుమానం వచ్చింది.

"మనది నాలుగో పేరన్నావుగా నాన్నా. ముందున్న ముగ్గురూ ఎందుకు వద్దన్నారు? ఇది బాగోదా?"

"ఎందుకు బాగోదు? చాలా బాగుంటుంది."

"మరి?"

అతను వైరు తీసుకెళ్ళి టీవీకి తగిలించి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"వాళ్ళు వద్దనేదాకా నేను బాగుందంటూనే ఉన్నానమ్మా."