వంకర హద్దు

"హద్దు తాడు గీడ ఎందుకు వంకర తిప్పినవ్, మామా?" మిథున్ గొంతుల అనుమానం.

తన భూమిని పిల్లలిద్దరికి పంచే పని బాపు వీలునామాల మేనమామ హన్మంత్‌కే అప్పజెప్పి పోయిండు.

"చెల్లెతోని కుమ్మక్కైనవా? నా జాగ ఆమె దిక్కు కలుపుతున్నవ్!"

"గింత జాగనే, అల్లుడా."

"గింతైనా నాదే! కొనేటాయన జనగామ నుంచి వచ్చి కార్ల కూసున్నడు. వంకర ముక్క కొంటడా?"

హన్మంత్ ఏపుగ పెరిగిన పత్తిచెట్లను పక్కకు వంచిండు. బాపు సమాధి కనవడ్డది. దినాలు చేసి పోయినంక మిథున్ మళ్ల ఇటు రాలేదు.

"నువ్వు అమ్ముకుంటవని మీ బాపుకు ఎరికే. అమ్ముకోనియ్యమన్నడు," అన్నడు హన్మంత్. "తనను మాత్రం అమ్మనియ్యొద్దన్నడు."