రెండో పెట్టె

ఇటు దగ్గరగా జరగండమ్మా, గట్టిగా చెప్పే కథ కాదిది.

"నేనేం చెయ్యనమ్మా! కంప్యూటర్లో లోవలక్ష్మి పేరొక్కటే వస్తోంది. పేరు లేనివాళ్ల సరుకు దించుకోం," అన్నాడు రాజమండ్రి చేపల కంపెనీ గేటు దగ్గర సామ్యేలు.

నూకరత్నం గేటు ఊచలు పట్టుకుని ఊపింది. వెనక ఆటోలో రొయ్యల మీద ఐసు కరిగి నీళ్లు కారిపోతున్నాయి. లోవలక్ష్మీ తనూ పరికిణీలు కట్టిన నాటి నుంచీ ధవళేశ్వరం రేవులో ఒకే తట్ట మార్చుకుని మోసినవాళ్లు. ఏ చుట్టరికమూ లేకపోయినా వదినా అంటే వదినా అని పిలుచుకునేవాళ్లు. కంపెనీలో ఖాతా ఇద్దరి పేర్ల మీదా తెరుద్దామనుకున్నారు. తీరా ఆ రోజుకి నూకరత్నం జ్వరంతో పడుకుంటే, నెట్ సెంటరుకి లోవలక్ష్మి ఒక్కతే వెళ్లి దరఖాస్తు పెట్టించి వచ్చింది.

ఆ లోవలక్ష్మి ఇప్పుడు ఆఫీసు గదిలో తన సరుకు రసీదు కోసం నిలబడి ఉంది. నూకరత్నం విసురుగా లోపలికి వెళ్లింది.

"నా పేరు ఎగ్గొట్టేశావటే? నా నోటికాడ కూడు లాక్కోడానికి నీకు చేతులెలా వచ్చాయే వదినా?"

"మరిడమ్మ తల్లి మీద ఒట్టు! ఇద్దరి పేర్లూ చెప్పాను," అంది లోవలక్ష్మి నేల చూపులు చూస్తూ.

"మరి నా పేరేది? గోదాట్లో కొట్టుకుపోయిందా?"

కంప్యూటరు ముందు కూర్చున్న పావని, "కాస్త ఆగండమ్మా," అని వాళ్ల ఫైలు తెరిచింది. అలా చూస్తూనే ఉండిపోయింది. లోవలక్ష్మి కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"తప్పు మాదేనండి," అంది చివరికి పావని. "దరఖాస్తులు మాకు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లుగా వస్తాయి. అంటే పెద్ద పెట్టెలో చిన్న పెట్టెలు అనుకోండి. ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క పెట్టె, దాని మీద పేరు చీటీ. మా ప్రోగ్రాం అన్నిటినీ విప్పి, పేర్లు డేటాబేసులో వెయ్యాలి. ఇది మొదటి పెట్టె విప్పేసి, పనైపోయిందని లేచిపోయింది."

"అయితే మా ఆయనలాంటిదే! ఎదురుగా ఉన్న గిన్నె తప్ప ఇంకోటి కనపడదు," అంది నూకరత్నం, ఏడుపులోనే నవ్వొచ్చి.

"రెండో పేరు ఇప్పుడే ఎక్కించేస్తాను. ఖాతా ఉన్నవాళ్లు ఒప్పుకోవాలంతే. లోవలక్ష్మి గారూ, మీ ఫోనుకి ఓటీపీ వస్తుంది. చెప్తారా?"

ఫోను మోగింది. లోవలక్ష్మి దాన్ని అరచేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"చెప్పవే, అవతల ఐసు కరిగిపోతోంది!"

పావని ఆమె ముఖంలోకే చూస్తోంది. లోవలక్ష్మి ఒక్కో అంకే చెప్పింది.

"ఎక్కిందండి. గేటు దగ్గర సరుకు దింపించుకోండి," అంది పావని.

నూకరత్నం స్నేహితురాల్ని వాటేసుకుంది. "పాపిష్టి నోరు నాది వదినా! మరిడమ్మ మీద ఒట్టేసినా నమ్మలేకపోయాను. క్షమించవే!"

లోవలక్ష్మి వెక్కివెక్కి ఏడ్చింది. అంత మాట పడ్డాక ఏడవదా మరి, అనుకున్నారు చూసినవాళ్లు.

సాయంత్రం మేనేజరు ఉదయ్‌కుమార్ వచ్చి, "ఆ ప్రోగ్రాం బాగుచేశావా అమ్మా?" అని అడిగితే, పావని తలొంచుకుని ఆ ఫైలు మూసేసింది.

ఈ కథ గుర్తుపెట్టుకోండమ్మా, పదిమందికీ చెప్పండి. నూకరత్నం చెవిన మాత్రం పడనివ్వకండి.

ఆ ఫైల్లో అసలు రెండో పెట్టే లేదు.