బొమ్మకు చెప్పిన మాట

"మళ్లీ మొదటి నుంచి," అన్నాను. విసుగు దాచుకోవడం ఇక నాకు చేతకాలేదు.

పంజాగుట్టలోని మా ఆస్పత్రిలో, గొంతులో అమర్చిన గొట్టంతో ఊపిరి తీసుకునే పిల్లలను చూసుకోవడం నర్సులకు నేర్పుతాను. నేను సరేనంటేనే వారికి ఆ వార్డులో పని.

శిక్షణ బొమ్మ మెడలోని గొట్టాన్ని దివ్యశ్రీ ఈసారీ తప్పు లేకుండా మార్చింది. ఈసారీ నోరు విప్పలేదు. ఏం చేయబోతున్నామో ముందుగా బిడ్డకు చెప్పాలన్నది మా మొదటి నియమం.

"గొట్టం ఉన్న బిడ్డ భయపడి ఏడ్చినా గొంతు బయటికి రాదు దివ్యశ్రీ గారూ. మన మాటే వాడికి ధైర్యం. ఇంకెన్నిసార్లు చెప్పాలి?"

"బొమ్మకేం వినవడ్తది మేడం?"

"ఏంటా మాట? ఇలాగైతే మిమ్మల్ని వార్డుకు పంపలేను."

ఆమె గ్లోవ్స్ తీసి బుట్టలో పడేసింది. తలుపు దాకా వెళ్లి ఆగింది.

"పోయిన నెల మా పాత దవాఖానల చింటు అనే పిలగానికి చెప్పిన మేడం. 'ఏం గాదు బేటా, నేనున్న గదా' అన్న. నా దిక్కే చూసుకుంట పానం ఇడిసిండు. గందుకే నా చేతులకు పని సక్కగ నేర్పిద్దామని వచ్చిన. మాట మాత్రం నాతోని కాదు."

కిటికీ అవతల ఫ్లైఓవర్ మీద హారన్లు మోగుతూనే ఉన్నాయి. నేను కొత్త గ్లోవ్స్ తెచ్చి ఆమె చేతికిచ్చాను.

"ఏం కాదని చెప్పకండి. అది మన చేతిలో లేదు. మీరు చేసేది మాత్రమే చెప్పండి."

ఆమె గ్లోవ్స్ తొడుక్కుని బొమ్మ మీదికి వంగింది.

"బేటా, గిప్పుడు నీ పైపు మారుస్త. నేను ఈడనే ఉన్న."