బిందెలతో వచ్చిన ఊరు

ఆ రోజు తను ఊరిని పిలిచే చెక్కడోలు మోగించకపోతే ఆ కోళ్ల దొంగ బతికేవాడా అన్న అనుమానం, ఏళ్లు గడిచినా టుకిరాన్‌ని నమాజులో కూడా వదల్లేదు. దొంగ దొరికినప్పుడు కొట్టే దొంగ మోత వినగానే ఊరు కర్రలతో వచ్చింది. దెబ్బలు తింటూ వాడు చివరిదాకా మంచినీళ్లు అడిగాడు. ఎవరూ ఇవ్వలేదు. టుకిరానూ ఇవ్వలేదు.

ఈ మధ్యాహ్నం పొరుగింటి పైమాన్ ఇంకొకణ్ణి మెడ పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

"నా బండి ఎత్తుకుపోతున్నాడన్నా! చూస్తావేం, డోలు కొట్టు!"

"పోలీసుల్ని పిలుద్దాంరా."

"వాళ్లొచ్చేసరికి వీడికి మనవలు పుడతారు. చేతకాకపోతే చెప్పు, నేను కొడతా."

"కొట్టు. వీణ్ణి వదిలేసి రా మరి."

పైమాన్ వదల్లేదు. టుకిరాన్ డోలు కర్ర తీసుకుని మోగించాడు. దొంగ మోత కాదు, ఇళ్లు అంటుకున్నప్పుడు కొట్టే మంట మోత.

ఊరంతా బిందెలతో, బకెట్లతో పరుగెత్తుకొచ్చింది.

"మంటెక్కడ?" అంది సుమినా పిన్ని.

టుకిరాన్ పైమాన్‌ని చూపించాడు. "వీడి కడుపులో, పిన్నీ."

కర్ర పట్టడానికి ఎవరి చెయ్యీ ఖాళీగా లేదు. ఎవరో నవ్వారు. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు.

టుకిరాన్ పిన్ని బిందెలో చెంబు ముంచి దొంగకిచ్చాడు.

"నేనడగలేదండీ," అన్నాడు వాడు.

"తెలుసు. తాగు."