ఏనుగుల వెనక చోటు

ఆ అడవిలో కోతులాడే కర్రాబంతి ఆటకు చూసేవాళ్లు పల్చబడ్డారు. ఆట నడిపే ఎలుగుబంటికి తలకొట్టేసినట్టయింది.

"ఈ చోటు మనకు అచ్చిరాలేదు. వాగవతల కుందేళ్ల బొరియలు పూడ్చి కొత్త మైదానం కడదాం," అంది.

ముసలి కుందేలు పరుగున వచ్చింది. "కట్టుకుందువుగాని మామా, ముందు ఒక్క ఆట నా పక్కన కూర్చుని చూడు."

ఎలుగుబంటి కూర్చుంది. ఎదురుగా కొండల్లాంటి వీపులు. చెరకు తెచ్చిపెడతాయని తనే ఏనుగుల్ని ముందు వరసలో కూర్చోబెట్టింది.

అంతలో పెద్ద గోల లేచింది.

"ఏమైందే?" అంది ఎలుగుబంటి, మెడ సాచి.

"ఏమో మామా! ఏనుగులు అరిస్తే మేమూ అరిచేవాళ్లం. ఎన్నాళ్లని అరుస్తాం?"

ఎలుగుబంటి తల దించుకుంది. ఎత్తినా కనిపించేది ఏనుగు తోకే.