ముక్కు దాటని కోడి

"ఛీ!" అన్నాడు పెద్దల్లుడు, పైకే.

రాత్రంతా ఉప్పునీళ్ళలో నానిన కోడిని చిన్నల్లుడు బకెట్లోంచి పైకి లాగాడు. పాలిపోయిన తోలు నిండా బుడిపెలతో, కాళ్ళు రెండూ ఎడంగా పెట్టుకుని, నీళ్ళు కార్చుకుంటూ వేలాడిందది. చిన్నల్లుడు చేతిని మణికట్టు దాకా దాని కడుపులోకి దూర్చి లోపలంతా మసాలా పులిమాడు. చెయ్యి బయటికి తీస్తుంటే చప్పుడైంది. ఆ చప్పుడుకి పెద్దల్లుడు మొహం తిప్పుకున్నాడు.

"అలా మొహం తిప్పుకోకండి అన్నయ్యగారూ! సాయంత్రానికి మీరే వేళ్ళు నాక్కుంటారు."

"ముందు నీ వేళ్ళు కడుక్కో నాయనా!"

చిన్నల్లుడు నవ్వేసి, వేళ్ళు నిక్కరుకి తుడుచుకున్నాడు.

అతను అత్తగారింటి గుమ్మం తొక్కి ఏడాదైంది. పోయినసారి ముచ్చటపడి వండిన చేపలన్నీ చెత్తడబ్బా పాలయ్యాయి. కారణం తోడల్లుడి ముక్కు. పెద్దల్లుడు టీ కంపెనీలో పరీక్షకుడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వందల కప్పుల మీదికి వంగి, ఏది మేలు రకమో, ఏది చెమ్మ తగిలి పాడైందో వాసనతో తేల్చడమే అతని ఉద్యోగం. అలాంటి ముక్కు ఇంట్లో ఉండగా మనకెందుకు చింత అని అత్తగారు ఒక నియమం పెట్టేసుకుంది. పెద్దల్లుడు వాసన చూసి సరేనంటే తప్ప ఏదీ బల్ల ఎక్కదు. ఆ రోజు అతను చేపలు పాడయ్యాయన్నాడు. నిజంగానే పాడయ్యాయి, అది వేరే సంగతి. చిన్నల్లుడు మాత్రం అలిగి, మళ్ళీ మొహం చూపించలేదు.

మామగారు కడుపు ఆపరేషను చేయించుకుని ఇంటికొచ్చారని ఇప్పుడు పంతం పక్కన పెట్టి వచ్చాడు. ఈసారీ కాదనిపించుకుంటే ఇక ఈ జన్మలో రాడు. అది ఇంట్లో అందరికీ తెలుసు. పెద్దల్లుడికి మరీ బాగా తెలుసు.

పెరట్లో పాత నూనె డ్రమ్ములో బొగ్గులు రాజుకున్నాయి. వాటి మీద తడి చెక్కపేళ్ళు పడ్డాయి. కోడిని కమ్మీల మీద వెల్లకిలా పడుకోబెట్టి చిన్నల్లుడు మూత పెట్టాడు. పొగకి పెద్దల్లుడి కళ్ళు మండిపోయాయి.

గంటగంటకీ మూత లేచేది. లేచినప్పుడల్లా ఏదో ఒక దరిద్రం కనిపించేది. మొదట తోలు చీము రంగుకి తిరిగింది. తర్వాత పాత చెప్పులా అయింది. కొవ్వు బొట్లు బొట్లుగా కారి డ్రమ్ము అంచున గడ్డకట్టింది. ఒక ఈగ అందులో ఇరుక్కుని గిలగిల్లాడుతుంటే చిన్నల్లుడు దాన్ని గోటితో మీటేశాడు. ఆ వేలే కోడికి పూసే తేనె గిన్నెలో ముంచి రుచి చూశాడు. మళ్ళీ అదే వేలు ముంచాడు. యాక్! మనిషన్నవాడు చేసే పనేనా అది?

"ఏమండీ!" వంటింట్లోంచి భార్య కేక వేసింది. "పాలు మాడి గిన్నె అడుగంటిపోయింది. కిటికీ పక్కనే కూర్చుని ఏం చేస్తున్నారు?"

"ఈ పొగలో నీ పాలేం తెలుస్తాయి? వెళ్ళి మీ మరిదిగారిని అడుగు!"

అయిదింటికి కోడి పళ్ళెంలోకి వచ్చింది. చిన్నల్లుడి మొహం నిండా మసి. ఆ మసిలోంచి పళ్ళు మెరుస్తున్నాయి. అతను తొడ విరిచాడు. మామగారు కుర్చీలో ముందుకి జరిగి, "అబ్బ, ఏం ఘుమఘుమలురా బాబూ! ఆకలి పుట్టి ఎన్నాళ్ళయిందో" అన్నారు.

"ఆగండి, అంత తొందరేం?" అని అత్తగారు పళ్ళేన్ని పెద్దల్లుడి ముందుకి తోసింది. "చూడండి అల్లుడుగారూ."

అందరూ అతని ముక్కువైపే చూశారు.

పెద్దల్లుడు వంగాడు. నల్లబడ్డ తోలు పగుళ్ళలో జిడ్డు నురగ కట్టింది. ఎముక దగ్గర మాంసం మానని పుండులా ఎర్రగా ఉంది. కళ్ళు మూసుకుని పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఎప్పటికంటే ఎక్కువసేపే పట్టింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా తోడల్లుడి మసి మొహం. ఆ పక్కన మామగారి పొట్టకి కట్టిన బెల్టు.

"వద్దు," అన్నాడు. "పచ్చి వాసన. తేడాగా ఉంది."

"అన్నయ్యగారూ, పొగబెట్టిన కోడి ఎముక దగ్గర ఎర్రగానే ఉంటుంది! లోపలిదాకా ఉడికింది. కావాలంటే మాంసంలో గుచ్చిన థర్మామీటరు చూడండి."

"థర్మామీటరు వాసన చూడదు కదా నాయనా," అంది అత్తగారు నెమ్మదిగా. "ఈయన ముక్కు ఎప్పుడైనా తప్పిందా? మీ మామగారి కడుపుతో చెలగాటాలొద్దు."

చిన్నల్లుడు కోడిని పళ్ళెంతో సహా మోసుకెళ్ళి చెత్తడబ్బాలో బోర్లించాడు. ఈసారి మాత్రం సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. భార్యని కారెక్కించుకుని, ఎవరివంకా చూడకుండా వెళ్ళిపోయాడు.

మిగిలినవాళ్ళు బ్రెడ్డూ గుడ్లూ తిన్నారు. మామగారు అవీ తినలేదు. "వాడిక రాడు," అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

పెద్దల్లుడు పెరట్లోకి నడిచాడు. పక్కింటి పిల్లి తొడముక్క ఒకటి బయటికి లాక్కుని, కళ్ళు అరమూసి హాయిగా తింటోంది. దాన్ని అదిలించలేదు. చుట్టూ చూసి, డబ్బా మీదికి వంగి, ముక్కు ఆ జిడ్డు తోలుకి తగిలేదాకా మొహం లోపలికి పెట్టాడు.

నలభై రోజుల కిందట జ్వరం తగ్గినప్పటి నుంచి ప్రతి పొద్దునా టీ కప్పుల మీదికి వంగి పీలుస్తున్నట్టే గుండెల నిండా పీల్చాడు. ఆ కప్పుల్లాగే ఈ కోడికీ ఏ వాసనా లేదు.